లేని చేపపిల్లలకు మేత

జూన్ 4, మంగళవారం

ఇది పోయిన ఏడాది డైరీ. మందుల కంపెనీ వాళ్లు మా ఆరోగ్య కేంద్రంలో పంచితే నాకూ ఒకటి వచ్చింది. బీరువాలో చీరల కింద పడి ఉంది. తేదీలకు వారాలు కలవవు, కొట్టేసి రాసుకుంటున్నాను. తాగుడు మాన్పించే సెంటర్‌లో కౌన్సెలర్ మేడం చెప్పింది, ఆయన లోపల ఉన్నన్ని రోజులు మీరూ నాలుగు ముక్కలు రాసుకోండి, ఎవరికీ చూపించక్కర్లేదు అని. తాగింది ఆయన, హోంవర్క్ నాకు.

నిన్న మా ఆయన ప్రేమ్‌రాజ్‌ను అక్కడ చేర్పించి వచ్చాను. శంషాబాద్ దాటాక, మామిడి తోట పక్కన ఉంది. నలభై అయిదు రోజులు. మొదటి రెండు వారాలు ఫోను లేదు, చూడనివ్వరు. ఆ తర్వాత ఆదివారం ఆదివారం ఒక గంట.

గేటు దగ్గర ఆగాడు. పదిహేనేళ్ల కాపురం కదా, ఒక్క మంచి మాట అంటాడేమో అనుకున్నాను.

"శనివారం సగం నీళ్లు మార్చు. డ్రమ్ముల ఒక దినం నిలవున్న నీళ్లే పొయ్యాలె. నల్లా నీళ్లు సక్కగ పోసినవనుకో, సచ్చిపోతయి" అన్నాడు.

చేపల గురించి. నా గురించి కాదు, మా అమ్మాయి సోనీ గురించి కాదు, ఆ రెండు ఆస్కార్ చేపల గురించి. బస్సులో సంతోష్‌నగర్ వచ్చేదాకా ఒళ్లు మండుతూనే ఉంది.

జూన్ 5, బుధవారం

అడిగినవాళ్లందరికీ వైజాగ్‌లో ట్రైనింగ్ అని చెప్పాను. ఆయన పనిచేసే ఫ్యాక్టరీ వాళ్లే పంపారని. అత్తమ్మకు చెప్పాల్సిన పని లేకుండానే ఆమె పాలావిడతో మొదలుపెట్టేసింది, రైల్లో ఏసీ డబ్బా అని కూడా కలిపింది. సోనీ మాత్రం, "ఏం ట్రైనింగ్ అంటే ఏమనాలె మమ్మీ?" అని అడిగింది. పదమూడేళ్ల పిల్ల. కొత్త మిషన్లు అని చెప్పమన్నాను.

ఇది అబద్ధం కాదు. ఇది పరువు.

జూన్ 8, శనివారం

నీళ్లు మార్చాను. మార్చాననడం గొప్ప. పైపు ఒక కొస ట్యాంకులో పెట్టి రెండో కొస నోట్లో పెట్టుకుని పీల్చాలి. పీల్చాను. గుటకేశాను కూడా. ఆరోగ్య కార్యకర్తని, బస్తీలో నీళ్లు కాచి తాగండని చెప్పేదాన్ని.

ముందుగదిలో సగం ఆ ట్యాంకే. ఐదడుగులు. అందులో రెండే చేపలు, ఒక్కోటి అడుగు పొడవు, నల్లటి ఒళ్లు, మీద నిప్పు రంగు మరకలు. పెద్దది రాజా, చిన్నది రాణి. రెండేళ్ల కింద చార్మినార్ వెనక సందులో జంట అని ఇస్తే తెచ్చాడు. అవి పిల్లల్ని పెడితే చూడాలని అప్పట్నుంచీ ఒకటే కలవరింత. తాగి వచ్చిన రోజు కూడా చొక్కా మార్చుకోకుండా వాటి ముందు కూర్చునేవాడు. నాతో మాట్లాడని మాటలన్నీ వాటితో మాట్లాడేవాడు.

అత్తమ్మ రొయ్యలు ఒలిచి ఇస్తూ, "గిన్ని రొయ్యలు మింగుతున్నయి. ఒక్కనాడన్న పులుసుల పడ్డయా ఇవి?" అంది. నవ్వొచ్చింది. చాలా రోజులైంది నవ్వి.

జూన్ 9, ఆదివారం

చర్చి నుంచి వచ్చేసరికి రాజా పక్కకు ఒరిగి అడుగున పడి ఉంది. చచ్చిపోయిందనుకున్నాను. ఆయనకు ఏం మొహం చూపించాలని ఏడుపొచ్చింది. వెనక సందులో పాలవాళ్ల వేణుగోపాల్‌ను పిలుచుకొచ్చాను. వాళ్ల బర్రెలు ఊరవతలికి వెళ్లిపోయాక ఖాళీ కొట్టంలో ఉన్న కుడితి తొట్లలో అతనూ ఇవే చేపలు పెంచుతాడు. పిల్లలు తీసి అమ్ముతాడు.

వచ్చి చూసి, "సావలే అక్కా, అలిగింది. గీ చాపలు మస్తు అలుగుతయి. లోపల ఏమన్న జరిపినవా?" అన్నాడు.

నిన్న కడిగేటప్పుడు అడుగున ఉన్న షాబాద్ బండ ముక్కను కుడి నుంచి ఎడమకు పెట్టాను. అంతే! మళ్లీ కుడివైపు పెట్టగానే రాజావారు లేచారు. ఈ ఇంట్లో అలిగే హక్కు చేపలకు కూడా ఉంది, నాకు తప్ప.

వెళ్తూ, "అన్న ఫోన్ కలుస్తలేదేంది?" అన్నాడు. వైజాగ్‌లో సిగ్నల్ ఉండదన్నాను. వైజాగ్‌లో! ఇక అతన్ని పిలవకూడదు.

జూన్ 12, బుధవారం

అవి నన్ను గుర్తుపడుతున్నాయి. డ్యూటీ నుంచి రాగానే రెండూ అద్దం దగ్గరికి వస్తున్నాయి. సోనీ వెళ్తే రావు. ఊరికే రాస్తున్నాను.

జూన్ 15, శనివారం

మొదటి వాన. పొద్దున లేచేసరికి బండ మీద గుడ్లు! సగ్గుబియ్యం పరిచినట్టు బండంతా నిండా. రెండూ చెరోపక్క నిలబడి రెక్కలతో విసురుతున్నాయి. చేయి పెట్టబోతే రాజా వచ్చి వేలు పొడిచింది.

సోనీ గంతులేసింది. అత్తమ్మ కూడా కుర్చీ లాక్కుని కూర్చుంది. "నా కొడుకు ఉంటె ఎంత సంబురపడుతుండె" అని కొంగుతో కళ్లు తుడుచుకుంది. నాకూ అలాగే అనిపించింది, కానీ అనలేదు.

జూన్ 16, ఆదివారం

చూసి వచ్చాను. చిక్కిపోయాడు. గడ్డం తీసుకోలేదు. చాయ్ కప్పు రెండు చేతులతో పట్టుకున్నా తొణుకుతోంది. నేను గోడ మీద క్యాలెండర్ చదువుతున్నాను. ఈ మనిషి బయటికొచ్చి ఏం బాగుపడతాడు, మొదటి రోజే మళ్లీ వెళ్తాడు అనిపించింది. భయమేసింది. ఆ భయంలో నోటికొచ్చింది అనేశాను.

"రాణి గుడ్లు పెట్టింది."

తలెత్తాడు. ఆ మొహం నేను చూసి ఎన్నేళ్లైందో.

"నిజమా? ఎప్పుడు?"

"నిన్న పొద్దుగాల."

"మస్తున్నయా?"

"బండంత నిండినయి."

"రంగేంది? పెట్టినప్పుడు తెల్లగుంటయి. ఒక దినం దాటితే తేనె రంగుకు తిరగాలె. తెల్లగనే ఉన్నయంటే ఖరాబైనట్టు."

నేను బయల్దేరేముందు చూశాను. తెల్లగానే ఉన్నాయి.

"తిరిగినయి" అన్నాను.

చాయ్ మొత్తం తాగాడు. తొణకలేదు.

జూన్ 18, మంగళవారం

గుడ్లకు బూజు పట్టింది. సాయంత్రానికి వాటిని అవే తినేశాయి. బండ ఖాళీ.

జూన్ 23, ఆదివారం

గేటు దగ్గర నిలబడి ఉన్నాడు. గడ్డం తీసుకున్నాడు. నేను చెప్పులు విప్పకముందే, "అయినయా పిల్లలు?" అన్నాడు.

దారంతా అనుకుంటూ వచ్చాను, చెప్పేద్దామని. నిజంగా అనుకున్నాను.

"అయినయి."

"ఈదుతున్నయా?"

"మస్తు ఈదుతున్నయి."

"ఎన్నుంటయి?"

"మూడొందలు" అన్నాను. ఆ లెక్క ఎక్కడి నుంచి వచ్చిందో నాకే తెలియదు. కోడిగుడ్డు పచ్చసొన నీళ్లలో కలిపి వేయమన్నాడు, రోజుకు నాలుగుసార్లు. మిగిలింది తీసేయమన్నాడు, లేకపోతే నీళ్లు వాసనొస్తాయట. నేను బుద్ధిగా తల ఊపాను. కౌన్సెలర్ మేడం నన్ను పక్కకు పిలిచి, ఈ వారం ఆయన బాగా తింటున్నాడు, గ్రూపులో మాట్లాడుతున్నాడు, అందరికీ చేపల కథలే చెప్తున్నాడు అంది.

ఒక అబద్ధం మనిషిని నిలబెడితే అది అబద్ధమెలా అవుతుంది? మందు. నేను రోజూ ఇచ్చే మందుల్లాంటిదే.

జూన్ 26, బుధవారం

డ్యూటీలో నాగమణమ్మ ఇంటికి వెళ్లాను. బీపీ చూస్తుంటే, "మా ఆయన ఊరికి పోయిండు మేడం" అంది అడక్కుండానే. పరదా వెనక గురక వినిపిస్తోంది. "దాచకు నాగమణమ్మా, నువ్వు దాస్తుంటే ఆయన తాగుతనే ఉంటడు" అన్నాను. ఎంత చక్కగా చెప్పానో. ఇంటికొచ్చి చేతులు కడుక్కుంటూ అద్దంలో చూసుకోలేకపోయాను.

జూన్ 30, ఆదివారం

ఇవాళ నేనే ఉత్సాహంగా మొదలుపెట్టాను. పిల్లలు గోరంత అయ్యాయన్నాను. రాజా వాటిని వెంటేసుకుని ట్యాంకంతా తిప్పుతోందన్నాను. అబద్ధం చెప్పడం కష్టమనుకుంటారు గానీ, మొదటిదే కష్టం. తర్వాత అదే నడిపిస్తుంది. నాలుగేళ్లుగా ప్రేమ్ నాకు చెప్పిన అబద్ధాలన్నీ ఇంత తేలిగ్గానే చెప్పి ఉంటాడు.

మధ్యలో అడిగాడు, "ఫిల్టర్ మూతికి స్పాంజి కట్టినవా?"

"ఏం స్పాంజి?" అన్నాను.

ఆయన నా వైపు కాసేపు చూశాడు. "ఏం లేదు" అన్నాడు. తర్వాత సోనీకి మ్యాథ్స్ ట్యూషన్ కుదిరిందా అని అడిగాడు. అత్తమ్మ మోకాళ్ల నొప్పి అడిగాడు. నేను ఇంటికి ఎలా వెళ్తున్నానో, బస్సు ఎన్నింటికో అడిగాడు. ఎప్పుడూ అడగడు. నమ్మాడు, అందుకే మనసు స్థిమితంగా ఉంది. అవును, నమ్మాడు.

జూలై 3, బుధవారం

మళ్లీ గుడ్లు! సాయంత్రం డ్యూటీ నుంచి వచ్చేసరికి అవి ఇంకా పెడుతూనే ఉన్నాయి. ఈసారైనా పిల్లలు కావాలి. అయితే నేను చెప్పింది కొంచెం ఆలస్యంగా నిజమవుతుంది, అంతే కదా. పరువు సంగతి తర్వాత చూద్దామని వేణుగోపాల్‌ను పిలిచాను.

ఫోను లైటు వేసి, మోకాళ్ల మీద కూర్చుని, ట్యాంకులోకి చాలాసేపు చూశాడు. నవ్వాడు. మళ్లీ చూసి నవ్వడం ఆపేశాడు.

"అక్కా, కడుపు కింద గా సన్నది గొట్టమసొంటిది కనవడుతుందా? మగదానికి సూది లెక్క మొనదేరి ఉంటది. ఆడదానికి లావుగ, మొండిగ. గిప్పుడు సూడు. రాణిది మొండిది. రాజాది?"

చూశాను. మొండిగానే ఉంది. చూస్తుండగానే రాజావారు బండ మీద జారుతూ వరసగా గుడ్లు పెట్టుకుంటూ పోయారు.

"రెండూ ఆడయే. మగది దొరకకపోతే గివి గిట్లనే జోడు కడతయి, గుడ్లు పెడతయి, కాపలా కాస్తయి. పిల్లలు మాత్రం కావు. చిన్నప్పుడు ఆరో ఎనిమిదో కలిపి పెంచి, వాటికవే జోడు కట్టేదాక ఆగాలె. జంట అని అమ్మినోడికి గూడ తెలువదు గీ సంగతి."

రెండేళ్లు! రెండేళ్లు ఆ మనిషి రాజా రాజా అని పిలిచాడు.

ఏడ్చేశాను. వేణుగోపాల్ కంగారుపడ్డాడు. "గింత దానికి ఏడుస్తరా అక్కా? పిల్లలు గావాలంటె మా తొట్టిల గోరంత గోరంతయి ఉన్నయి. ఓ వంద తీస్కపో. అన్నకు మనింట్లయే అని చెప్పు, ఏమైతది?"

అతను ఊరికే అన్నాడు. నాకు మాత్రం దేవుడు తలుపు తీసినట్టే ఉంది. గోరంతవి. నేను చెప్పిన సైజే.

జూలై 6, శనివారం

సాయంత్రం కొట్టానికి వెళ్లాను. వేణుగోపాల్ పెద్ద కవరులో నీళ్లు పోసి, పిల్లల్ని వేసి, గాలి నింపి మూతి కట్టి ఇచ్చాడు. సందులో ఎవరైనా చూస్తారని చున్నీ కింద పెట్టుకున్నాను. ఇంట్లోకి వచ్చేసరికి సోనీ గడప దగ్గర కూర్చుని చదువుకుంటోంది. కవరు వీపు వెనక్కి పెట్టుకున్నాను. ఎందుకు పెట్టుకున్నానో తెలియదు. చెయ్యి దానంతటదే వెళ్లింది.

"ఏంది మమ్మీ అది?"

"ఏం లేదు."

సోనీ పుస్తకంలోంచి తల ఎత్తలేదు. "డాడీ గూడ గట్లనే పెట్టుకుంటుండె, కవర్. ఏం లేదు అంటుండె" అంది.

అంతే అంది. దెప్పలేదు, ఏడవలేదు. లెక్క చేసుకుంటూ చెప్పింది. చెప్పులు విప్పకుండానే వెనక్కి వెళ్లి కవరు ఇచ్చేశాను. పిల్లల్ని తొట్టిలో వదులుతూ వేణుగోపాల్, "ఏమైందక్కా?" అన్నాడు. వైజాగ్ లేదు, ట్రైనింగ్ లేదు, ప్రేమ్ తాగుడు మాన్పించే చోట ఉన్నాడు అని చెప్పాను. "మా అమ్మకు ఎప్పుడో తెల్సు అక్కా. మీరు బాధపడతరని అడగలే" అన్నాడు. వాళ్లమ్మ బుచ్చమ్మకు తెలిసిందంటే సందంతా తెలిసినట్టే. నెల రోజులుగా నేను కాపాడిన పరువు ఇదీ.

జూలై 7, ఆదివారం

వెళ్లలేదు. జ్వరమని సెంటర్‌కు ఫోను చేసి చెప్పించాను. జ్వరం లేదు.

జూలై 11, గురువారం

రాయడానికి ఏమీ లేదు. చెబితే మళ్లీ తాగుతాడు. చెప్పకపోతే వచ్చి చూస్తాడు. ఇవే రెండూ అటూ ఇటూ.

జూలై 14, ఆదివారం

చెప్పేశాను.

కూర్చోగానే చెప్పేశాను, లేకపోతే చెప్పలేనని. "పిల్లల్లేవు. ఎన్నడూ లేవు. మొదటి నాడు రంగు తిరిగినయని చెప్పినది గూడ అబద్ధమే. నీ మొకం చూసి చెప్పిన. గా తర్వాత ఆపలేకపోయిన. పోయిన వారం జ్వరం గూడ అబద్ధమే."

ప్రేమ్ ఆశ్చర్యపోలేదు. చాయ్ కప్పు కింద పెట్టాడు.

"తెల్సు."

"ఏం తెల్సు?"

"ఏం స్పాంజి అన్నవు గద. కట్టకపోతే ఫిల్టర్ గుంజుకుంటది. గోరంత పిల్లలు పొద్దుగూకేసరికి ఒక్కటి మిగలదు. నువ్వేమో మూడొందలు ఉన్నయి, తిరుగుతున్నయి అంటివి."

నాకు సిగ్గుతో ఒళ్లంతా వేడెక్కింది. "మరి అప్పుడే ఎందుకడగలే?"

చాయ్ కప్పును పక్కకు జరిపాడు.

"నాలుగేండ్ల సంది నేనేం చెప్పినా నమ్మినట్టే ఉన్నవు. ఓవర్‌టైం అంటె ఓవర్‌టైం. బండి పంక్చర్ అంటె పంక్చర్. అన్నం పెట్టినవు. నేను ఒక్క ఆదివారం నమ్మినట్టుంటె ఏమైతది అనుకున్న."

"నేను ఒక్కసారి గూడ నమ్మలే" అన్నాను.

"గది గూడ తెల్సు."

ఏడుపు ఆగలేదు. ఆయనా ఏడ్చాడు. చుట్టూ జనం ఉన్నారని ఇద్దరికీ గుర్తు లేదు. నాకు కోపం పోలేదు, అది అంత తొందరగా పోయేది కాదు. కానీ నాలుగేళ్లలో మొదటిసారి మేమిద్దరం ఒకే సంగతి మాట్లాడుకున్నాం.

గంట అయిపోతుండగా గుర్తొచ్చి, "ఇంకొకటి చెప్పాలె. రాజా మగది కాదు" అన్నాను.

"ఏంది?"

"రెండూ ఆడయే. వేణుగోపాల్ చూసిండు. నేనూ చూసిన. నా ముంగటనే గుడ్లు పెట్టింది."

నవ్వడం మొదలుపెట్టాడు. పొట్ట పట్టుకుని, కళ్లలో నీళ్లు కారుతూ నవ్వాడు. "రెండేండ్ల సంది దానికి నా కష్టాలన్నీ చెప్పుకున్న, మగోని బాధ మగోనికి తెలుస్తదని!" అన్నాడు. నాక్కూడా నవ్వు ఆగలేదు. గేటు దగ్గర వాచ్‌మెన్ మా ఇద్దర్నీ అనుమానంగా చూశాడు.

జూలై 18, గురువారం

ఇంటికి వచ్చాడు. సందు మొదట్లో వేణుగోపాల్ ఎదురై, "ఎట్లున్నవన్నా?" అన్నాడు. "సెంటర్ల ఉండొచ్చిన తమ్మీ. ఇప్పుడైతే మంచిగనే ఉన్న" అన్నాడు ప్రేమ్, అందరూ వింటుండగానే. నేను అదిరిపోయాను. నేలేమీ చీలలేదు.

జూలై 21, ఆదివారం

రాజా, రాణి ఇవాళ వేణుగోపాల్ కొట్టానికి వెళ్లిపోయాయి. అక్కడ పెద్ద తొట్టి, నిజమైన మగవి ఉన్నాయి. వాటి బదులు వేలెడంత పిల్లలు ఆరు వచ్చాయి. కలిపి పెంచాలి, వాటికవే జోడు కట్టాలి. గుడ్లు పెట్టడానికి ఏడాదైనా పడుతుందట. "ఆరా! ఇంక రొయ్యలు ఎవలు ఒలుస్తరే?" అని అత్తమ్మ లొల్లి. ఒలుస్తూనే ఉంది.

ఏడాది మాటకు నాకు గుబులుగా ఉంది. మా ఇంట్లో ఏడాది ముందుకు చూసి ఏదీ అనుకోలేదు ఇన్నాళ్లూ.

జూలై 27, శనివారం

రేపు బోనాలు. సందంతా వేపమండలు, మైకులు. ప్రేమ్ సోమవారం నుంచే డ్యూటీకి వెళ్తున్నాడు. ఇవాళ ఆరున్నరకు రావాల్సినవాడు ఏడైనా రాలేదు. నేను గడపలో నిలబడ్డాను. లోపలికి వెళ్లాను. మళ్లీ నిలబడ్డాను. ఏడుంపావుకు బండి చప్పుడైంది. మొహం చూశాను, వాసన చూశాను. నాలుగేళ్ల అలవాటు, దాచుకోలేదు. ఏమీ లేదు.

"ఎందుకు లేటు?" అని అడగబోయి ఆగాను. అడిగితే మళ్లీ ఓవర్‌టైం అంటాడేమో, పంక్చర్ అంటాడేమో. ఆ మాట వినడం కన్నా అడక్కపోవడమే నయమనిపించింది.

బట్టలు మార్చుకుని నీళ్లు మార్చడానికి బకెట్ తెచ్చాడు. పైపు పీల్చాడు. నీళ్లు పడుతున్నాయి. ట్యాంకు వైపే చూస్తూ అన్నాడు.

"షారోన్, ఇయ్యాల తాగబుద్ధయింది."

నేను ఆయన వైపు తిరిగాను.

"దోస్తులు పిలిచిండ్రు, బోనాలు గద అని. మందు దుకాణం ముంగట బండి ఆపిన. దిగిన గూడ. అర్ధగంట నిలబడ్డ. లోపలికి పోలే. మస్తు కష్టమైంది. రేపు గూడ అయితదేమో."

ఆరోగ్య కార్యకర్తగా ఎందరికో ఎన్నో చెప్పాను, ఒక్కటీ గుర్తు రాలేదు. వెళ్లి పక్కన నిలబడి బకెట్ పట్టుకున్నాను. "రేపు నేను సెలవు పెడత" అన్నాను. "పెట్టు" అన్నాడు.

బకెట్ నిండింది, రెండోది పెట్టాం. నాకు భయంగానే ఉంది, ఆయనకూ భయంగానే ఉంది. కానీ అడక్కుండానే చెప్పాడు. దాచి, దొరికిపోయి, అప్పుడు చెప్పడం కాదు. దుకాణం ముందు నుంచి ఇంటికొచ్చి, ముందుగా నాకు చెప్పాడు.